ఒకే కొండ మీద పడ్డవాళ్లు

మొదటి గుండు పడ్డప్పుడు నేనొక ముసలాయన కాలి పుండుకి కట్టు మారుస్తున్నాను. కిటికీ అద్దాలు లోపలికి ఉబ్బి మళ్లీ సర్దుకున్నట్టు కనబడింది. చప్పుడు ఆ తరవాత వచ్చింది. ముసలాయన కాలైనా కదపలేదు. ఇది దూరంగా పడింది, దగ్గరగా పడితే ఎవరూ చెప్పక్కర్లేదు అన్నాడు. నేను అప్పటికే మంచం కింద ఉన్నాను.

కాసేపట్లో అంబులెన్సులు రావడం మొదలైంది. బజారులో దర్జీ కొట్టు మీద పడిందట. ముందుగా తెచ్చింది ఒక బంగ్లాదేశీ దర్జీని. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది, కుడిచెయ్యి మోచేతి నుంచి కిందికి లేదు. తెగిన చెయ్యి ఎక్కడుందో ఎవరినైనా చూడమని హిందీలో నన్ను బతిమాలాడు. దానికి ఉంగరం ఉందని, పెళ్లిలో పెట్టిందని చెప్పాడు. నేను అతని భుజం దగ్గర బిగించి పట్టుకుని, చూస్తున్నారు, తెస్తున్నారు అంటూ ఉన్నాను. ఆపరేషన్ గదికి చేరకముందే అతను పోయాడు.

ఆ రోజు షిఫ్టు దిగాక బాత్రూములో కూర్చుని ఏడుస్తుంటే, మా గదిలోనే ఉండే అక్క బయటినుంచి తలుపు కొట్టింది. ఆవిడది అమలాపురం వైపు. నాకంటే చాలా ముందు సౌదీ వచ్చి, ఈ వార్డుకి సీనియర్ నర్సుగా ఉంది.

"ఏడవడం అయిపోతే బయటికి రావే. అన్నం చల్లారిపోతంది," అంది.

అంతకుమించి ఓదార్చలేదు. అన్నంలో చింతకాయ పచ్చడి వేసి నా ముందు పెట్టింది. ఆ ఊళ్లో నేనున్నంత కాలం ఆవిడ ఓదార్పు అలాగే ఉండేది.

నాది నర్సాపురం దగ్గర పల్లె. నర్సింగు చదివి, రియాద్‌లో ఏడాది పనిచేశాక, యెమెన్ సరిహద్దుకి దగ్గరున్న ఒక పట్టణం ఆసుపత్రిలో సర్జికల్ వార్డుకి నర్సులు కావాలని మమ్మల్ని పంపారు. దేశంలో ఎక్కడ వేస్తే అక్కడ చేస్తామని ఒప్పుకుని వచ్చినవాళ్లమే కాబట్టి ఎదురు చెప్పలేదు. యెమెన్‌లో యుద్ధం జరుగుతోందని తెలుసు. అది మా వార్డులోకి నడిచి వస్తుందని మాత్రం తెలియదు.

గల్ఫ్‌లో ఆరు దేశాలకి ఒక కూటమి ఉంది. ఇక్కడ పనిచేసే మాలాంటివాళ్లకి ఆ కూటమి అంటే విమానాశ్రయంలో వాళ్లకి వేరే వరస. ఆ దేశాలవాళ్లు ఒకరి దేశంలోకి ఒకరు కార్డు చూపించి కారులోనే వెళ్లిపోతారు. ఇటు అమ్మాయిని అటు ఇస్తారు, అటు ఒంటెల్ని ఇటు మేపుకుంటారు. చమురు గురించి ప్రపంచం వాళ్లతో మాట్లాడాలన్నా, వాళ్లు ప్రపంచంతో మాట్లాడాలన్నా ఒక్క గొంతుతో మాట్లాడాలని ఆ కూటమి పెట్టుకున్నారని మా ఆసుపత్రి క్లర్కు ఒకాయన చెబుతుండేవాడు. యెమెన్‌లో తిరుగుబాటుదారుల మీద యుద్ధానికి ఆ ఆరింటిలో ఒకటి తప్ప అన్నీ దిగాయి. సూడాన్, ఈజిప్టు లాంటివి కూడా చెయ్యి కలిపాయి. టీవీలో జెండాలన్నీ ఒక వరసలో కనబడేవి. మా వార్డులో ఆ జెండాల కింది మనుషులు కనబడేవాళ్లు. పొట్ట చీలినవాళ్లు, దవడ ఎగిరిపోయినవాళ్లు, వినబడక ఊరికే అరిచేవాళ్లు. ఏ దేశంవాడో కేస్ షీటు చూస్తేగానీ తెలిసేది కాదు. ఒళ్లు కాలినప్పుడు అందరిదీ ఒకటే వాసన.

ఆ రంజాన్ మొదలైన కొత్తలో ఒకే హెలికాప్టర్‌లో ఇద్దర్ని తెచ్చారు. ఒకే కొండ మీద, ఒకే గుండుకి పడ్డారు. ఒకడు సౌదీ, అభా వైపు కొండల్లో పుట్టినవాడు. ఎడమకాలు మోకాలి కింద నుజ్జయిపోయింది. రెండోవాడు ఖతర్ సైనికుడు. పొట్టలో ఇనుప ముక్కలు దిగాయి. ఇద్దరికీ పాతికేళ్లు ఉంటాయేమో. సౌదీ కుర్రాడి తొడకి తుపాకీ బెల్టు బిగించి కట్టి ఉంది. దాని మీద రెండు రకాల రక్తం, ఎండినదీ తడిదీ. సొంత పేగులు ఒక చేత్తో అదిమి పట్టుకుని, రెండో చేత్తో, పళ్లతో ఆ బెల్టు లాగి కట్టింది ఖతర్ కుర్రాడేనని తీసుకొచ్చినవాళ్లు చెప్పారు. పళ్లతో లాగినప్పుడు ముందు పన్ను ఒకటి సగానికి విరిగింది.

ఇద్దరికీ ఆపరేషన్ చేసింది ఒక ఈజిప్టు సర్జన్. నెరిసిన జుట్టు, బొంగురు గొంతు. సౌదీ కుర్రాడి కాలు తీసేశాడు. ఖతర్ కుర్రాడి పేగు కొంత కోసి, పొట్ట పక్కన మలం పోయే సంచి పెట్టి, రెండు గొట్టాలు వేశాడు. ఇద్దర్నీ పక్కపక్క మంచాల మీద ఉంచమని ఖతర్ కుర్రాడే అడిగాడు. మత్తు దిగుతుండగా అతను మొట్టమొదట అడిగింది అదే.

సౌదీ కుర్రాడి తల్లి మర్నాడే వచ్చింది. పొట్టి మనిషి, నల్ల ముసుగు, చేతుల నిండా గోరింటాకు మచ్చలు. పెద్దావిడల్ని ఇక్కడ నర్సులం మామా, అంటే అమ్మా, అని పిలుస్తాం. ఆవిడ కొడుకు మొండికాలు దుప్పటి ఎత్తి చూసింది, దించింది. ఆ తరవాత కుర్చీ లాక్కుని రెండు మంచాల మధ్యలో వేసుకుంది. ఖతర్ కుర్రాడికి ఇంకా నోటితో ఏమీ ఇవ్వకూడదు. దూది నీళ్లలో ముంచి అతని పెదాలు తడిపే పని ఆవిడ మా దగ్గర అడిగి తీసుకుంది. వాళ్ల అమ్మ ఉంటే ఇదే కదా చేసేది అంది. అతని తండ్రి కారులో బయల్దేరి, సరిహద్దు దాటి, ఎడారి అంతా దాటి ఆ వారంలోనే వస్తున్నాడని మాకు తెలుసు. మామా ఆయన కోసం ఖర్జూరాలు, తేనె వేరే మూట కట్టి ఉంచింది.

ఇంకొకడు కూడా రోజూ వచ్చేవాడు. మామాకి మేనల్లుడు, ఆవిడ అన్నకొడుకు. అతనూ సైనికుడే. అతని సొంత అన్న ఆ కొండ మీదే కొన్నాళ్ల ముందు చనిపోయాడు. వచ్చినప్పుడల్లా ఇద్దరినీ ముక్కుకి ముక్కు ఆనించి పలకరించేవాడు. ఖతర్ కుర్రాడి ఫోను చార్జరు పాడైతే కొత్తది తెచ్చిచ్చింది అతనే. నాకు అతని మీద భయం ఎప్పుడూ కలగలేదు.

పగలంతా ఉపవాసం కాబట్టి వార్డు నిశ్శబ్దంగా ఉండేది. మధ్యమధ్యలో దూరంగా గుండ్లు పడేవి. ఆ ఇద్దరూ కళ్లు మూసుకునే, ఇది మనది, ఇది వాళ్లది అని చప్పుడు విని చెప్పుకునేవాళ్లు. నెప్పి ఎక్కువైనప్పుడు సౌదీ కుర్రాడు లేని కాలి వేళ్లు ఎవరో విరుస్తున్నారని అరిచేవాడు. ఖతర్ కుర్రాడు చెయ్యి చాపి అతని చెయ్యి పట్టుకునేవాడు. మంచాల మధ్య ఎంత దూరం ఉండాలో మాకో పద్ధతి ఉంది. అక్క దాన్ని పట్టించుకోకుండా మంచాలు ఇంకాస్త దగ్గరికి జరిపింది.

ఒక పొద్దున నేను డ్యూటీకి వెళ్లేసరికి వరండాలో టీవీ ముందు జనం మూగి ఉన్నారు. అక్క నన్ను పక్కకి లాగింది.

"అమ్మాయ్, ఖతర్‌తో తెగతెంపులు చేసేసుకున్నారంట. వీళ్లూ, ఇంకో రెండు గల్ఫ్ దేశాలూ, ఈజిప్టూను. దారులు మూసేశారు, విమానాలు లేవంట. ఖతర్ సైన్యాన్ని యుద్ధంలోంచి పొమ్మన్నారంట."

"మరి మన దగ్గరున్నవాడు?"

అక్క సెలైన్ సీసాలున్న ట్రాలీ తోసుకుంటూ వార్డులోకి వెళ్లింది. నేను వెనకే వెళ్లాను.

అతనికి అప్పటికే తెలుసు. ఫోను గుండెల మీద బోర్లా పెట్టుకుని ఉన్నాడు. అది ఆగకుండా వణుకుతోంది. సంచి నిండింది, మార్చండి సిస్టర్ అన్నాడు. మారుస్తుంటే పక్క మంచం మీంచి సౌదీ కుర్రాడు, ఇది పెద్దవాళ్ల అలక, కొన్నేళ్ల కింద కూడా ఇలాగే అలిగారు, పండగ లోపల కౌగిలించుకుంటారు చూడు అన్నాడు. ఖతర్ కుర్రాడు తల ఊపాడు. మామా దూది ముంచి పెదాలు తడపబోతే, ఇప్పుడు వద్దమ్మా అన్నాడు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. దూది అలాగే పట్టుకుని కూర్చుంది, నీళ్లు మోచేతి మీదుగా కారుతున్నా.

మధ్యాహ్నం సైన్యం నుంచి ఇద్దరు అధికారులు వచ్చారు. మర్యాదగానే మాట్లాడారు. అతని దేశంవాళ్లంతా వెళ్లిపోతున్నారని, డాక్టరు సరే అన్నప్పుడు అతన్నీ పంపుతామని చెప్పారు. ఈజిప్టు సర్జన్ కుట్లు చూపించి, ఇప్పుడు విమానం ఎక్కిస్తే పైన గాలిలోనే పొట్ట విచ్చుకుంటుంది, ఇంకా కొన్నాళ్లు కదపడానికి వీల్లేదు అన్నాడు. వాళ్లు ఒప్పుకుని వెళ్లారు. అతని తండ్రి సరిహద్దు గేటు దాకా వచ్చి, అక్కడినుంచి వెనక్కి తిరిగాడని సాయంత్రం తెలిసింది.

ఆ రోజంతా, మర్నాడంతా ఏ చానెల్ పెట్టినా అదే మాట. ఖతర్ మన శత్రువుకి కొమ్ముకాసిందని, మన పిల్లల్ని చంపినవాళ్ల వెనక ఉందని. అది నిజమో కాదో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. కానీ ఆ మాటలు వరండాలోంచి వార్డులోకి వస్తుంటే, నిన్నటిదాకా ఆ మంచం దగ్గర ఆగి సలాం చెప్పిన మనుషులు ఆగకుండా వెళ్లిపోవడం చూశాను. అక్క టీవీ గొంతు తగ్గించింది. ఎవరో మళ్లీ పెంచారు.

మర్నాడు మధ్యాహ్నం దాటాక మామా నమాజుకి వెళ్లింది. నేను వార్డు చివర మందులు లెక్క చూస్తున్నాను. మామా అన్నకొడుకు లోపలికి వచ్చాడు. ఎప్పటిలాగే తెల్లటి తోబ్ అంగీ, అత్తరు వాసన. ఎప్పుడూ ముందు సౌదీ కుర్రాడి దగ్గరికి వెళ్లేవాడు. ఆ రోజు నేరుగా ఖతర్ కుర్రాడి మంచం దగ్గరికి వెళ్లాడు. పలకరించబోతున్నాడనుకున్నాను. వంగాడు కూడా. మెల్లగా, ఏదో రహస్యం అడిగినట్టు అడిగాడు.

"మా అన్నని చంపిన రాకెట్ వాళ్లకి ఎవరిచ్చారు?"

ఖతర్ కుర్రాడు ఏమన్నాడో నాకు వినబడలేదు. పెదాలు కదిలాయి. ఆ వెంటనే అన్నకొడుకు ఎడమచెయ్యి అతని గొంతు మీద పడింది. కుడిచెయ్యి దుప్పటి లాగేసి, కట్టు లాగేసి, పొట్టలోంచి వస్తున్న గొట్టాన్ని పట్టుకుని పీకింది. గొట్టంతో పాటు చిక్కటి రక్తం వచ్చింది. ఆ తరవాత అతను పిడికిలి బిగించి ఆ గాయం మీదే కొట్టడం మొదలుపెట్టాడు. కొట్టినప్పుడల్లా అన్న పేరు పలికాడు. వేరే మాట లేదు.

నేను పరిగెత్తి అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుని వేలాడాను. అతను నన్ను చూడను కూడా చూడలేదు. ఈగని తోలినట్టు విదిలించాడు. నా చెయ్యి మంచం ఇనప రేకుకి, గోడకి మధ్య పడింది. ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడు నాకే వినిపించింది. నెప్పి వెంటనే రాలేదు. కింద కూర్చుని చూస్తున్నాను. ఖతర్ కుర్రాడి కళ్లు ఎర్రబడి బయటికి వస్తున్నాయి. అతని చేతులు గొంతు దగ్గరికి వెళ్లలేదు, పొట్ట మూసుకోవాలని చూస్తున్నాయి.

అప్పుడు సౌదీ కుర్రాడు మంచం మీంచి పడ్డాడు. పడలేదు, దూకాడు. కోసిన మొండికాలి మీదే పడ్డాడు. అతని నోట్లోంచి వచ్చిన అరుపు లాంటిది నేను ముందూ వెనకా వినలేదు. కుట్లు విచ్చుకుని నేల మీద రక్తం చారలా పరుచుకుంటుండగా పాకుతూ వచ్చి, అన్నకొడుకు పిక్క పట్టుకుని కండలో పళ్లు దించాడు. అతను తన్నినా వదల్లేదు. ముక్కు పగిలినా వదల్లేదు.

మామా తలుపు దగ్గరికి వచ్చింది. అరవలేదు. నేరుగా వచ్చి, బల్ల మీదున్న స్టీలు ఫ్లాస్కు తీసుకుని, మేనల్లుడి నెత్తి మీద కొట్టింది. ఒకసారి కొడితే ఆగలేదు. మళ్లీ కొట్టింది. మూత ఊడి, ఇఫ్తార్‌కి తెచ్చిపెట్టుకున్న వేడి గహ్వా కాఫీ ముగ్గురి మీదా చిందింది. మూడోసారికి అతను వెనక్కి తూలి, గొంతు మీది చెయ్యి వదిలాడు.

తరవాత అతను చేసిన పని నేను మర్చిపోలేను. నెత్తిమీంచి రక్తం చెంప మీదకి కారుతుంటే, తన చేతుల వైపు చూసుకున్నాడు. కింద పడ్డ దుప్పటి తీసి, ఖతర్ కుర్రాడి కాళ్ల మీద కప్పి, దాని అంచులు పరుపు కిందికి దోపడం మొదలుపెట్టాడు. నీటుగా, మేం చేసినట్టే. గార్డులు వచ్చి చేతులు వెనక్కి విరిచే వరకూ దోపుతూనే ఉన్నాడు.

అక్క ఖతర్ కుర్రాడి పొట్ట మీద రెండు అరచేతులూ పెట్టి, ఒంటి బరువంతా వేసి, అలాగే స్ట్రెచరు మీద అతనితో పాటు ఆపరేషన్ గదికి వెళ్లింది. ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని ఉంది, జుట్టు ముడి ఊడిపోయింది, తెలుగులో ప్రార్థన చేస్తోంది. ఈజిప్టు సర్జన్ ఇంటి నుంచి పరిగెత్తుకు వచ్చాడు. ఉపవాసంలో ఉన్న మనిషి, ఇఫ్తార్ బాంగు వినబడిన చాలా సేపటికి గానీ బయటికి రాలేదు. వరండాలో ఒకాయన, డాక్టర్, మీ దేశం కూడా వాళ్లతో తెంచుకుంది కదా అన్నాడు. సర్జన్ గోడకి ఆనుకుని నీళ్లు తాగి, నా దేశం నాకు ఫోన్ చేసి ఏమీ చెప్పలేదు అన్నాడు. ఇంకో గ్లాసు నీళ్లు అడిగాడు.

నా మణికట్టులో రెండు ఎముకలు విరిగాయి. కట్టు వేసుకుని గదిలో ఉండమన్నారు. నేను ఉండలేకపోయాను. రెండో ఆపరేషన్ తరవాత ఖతర్ కుర్రాడు మగవాళ్లని ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. మగ నర్సు చెయ్యి చాపితే ఒళ్లంతా బిగుసుకుపోయేది, గొంతు దగ్గర చేతులు అడ్డం పెట్టుకునేవాడు. సర్జన్ని కూడా అక్క పక్కనుంటేనే ముట్టుకోనిచ్చేవాడు. అతన్ని వేరే గదిలో పెట్టి తలుపు దగ్గర కాపలా ఉంచారు. మామా ఆ తలుపు బయట నేల మీద కూర్చునేది. లోపలికి రమ్మని అతను పిలవలేదు. పొమ్మనీ అనలేదు.

సౌదీ కుర్రాడికి మొండికాలు మళ్లీ కోయాల్సి వచ్చింది. మోకాలు కూడా పోయింది. అతను అధికారులకి చెప్పిన మాట మాత్రం మారలేదు. మా మేనమామ కొడుకే చేశాడు, నేను చూశాను, ఎక్కడైనా చెబుతాను అన్నాడు. సొంత కుటుంబంవాళ్లు కొందరు వచ్చి, ఎవరి కోసం ఎవరి మీద చెబుతున్నావు అని కేకలు వేసి వెళ్లారు. అన్నకొడుకు కొంతకాలం జైల్లో ఉన్నాడని, బయటికి వచ్చాక మళ్లీ సరిహద్దుకే వెళ్లాడని తరవాత మామా చెప్పింది. ఆవిడ అతన్ని మళ్లీ గడప తొక్కనివ్వలేదు.

కువైట్ ఆ గొడవలో ఏ పక్కా చేరలేదు. వాళ్ల వయసు మళ్లిన పాలకుడు ఆ రాజధాని నుంచి ఈ రాజధానికి రాజీ కోసం తిరుగుతున్నాడని టీవీలో చూపించేవాళ్లు. జ్వరం తగ్గాక, కువైట్ మీదుగా ఖతర్ కుర్రాణ్ణి పంపడానికి విమానం కుదిరింది. మగవాళ్లు వద్దన్నాడు కాబట్టి విమానం దాకా అక్కా నేనూ వెళ్లాం, నా చెయ్యి కట్టులోనే ఉంది.

స్ట్రెచరు వార్డు ముందునుంచి వెళ్తుంటే సౌదీ కుర్రాడు చక్రాల కుర్చీలో తలుపు దగ్గరికి వచ్చాడు. ముక్కు మీద ఇంకా పట్టీ ఉంది.

"చేరాక కబురు చెయ్యి," అన్నాడు.

ఖతర్ కుర్రాడు మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. మామా మాత్రం స్ట్రెచరు కడ్డీ పట్టుకుని అంబులెన్సు దాకా నడిచింది. అతని తండ్రి కోసం కట్టిన మూట అతని కాళ్ల దగ్గర పెట్టింది.

దారిలో రాకెట్ పడింది. మాకు ముందు, రోడ్డు పక్కన ఒక గొర్రెల దొడ్డి మీద. అంబులెన్సు నడిపే పాకిస్తానీ బండిని వంతెన కిందికి తీసుకెళ్లి ఆపాడు. పైనుంచి మట్టి, ఉన్ని, ఇంకా ఏవేవో మెత్తటి ముక్కలు అద్దం మీద పడ్డాయి. వైపర్ వేస్తే ఎర్రగా పూసుకుంది. దెబ్బ తిన్న గొర్రెలు అరుస్తూనే ఉన్నాయి. ఇంకోటి పడుతుందేమోనని అందరం ఎదురుచూస్తున్నాం. ఖతర్ కుర్రాడు పైకప్పు వైపు చూస్తూ నన్ను అడిగాడు.

"ఇప్పుడు దీనికి నేను పోతే, సిస్టర్, నన్ను ఎవరివైపు చచ్చినట్టు రాస్తారు?"

 గొర్రెల అరుపుల్లో అక్కకి సరిగ్గా వినబడలేదు, ఏమంటాడే అని అడిగింది. చెప్పాను.

"వాళ్లమ్మ వైపని చెప్పు," అంది అక్క.

అదే అరబ్బీలో చెప్పాను. అతను నవ్వాడో, నెప్పికి మూతి వంకర పోయిందో తెలియలేదు. విరిగిన పన్ను కనబడింది. బండి కదిలాక కళ్లు మూసుకున్నాడు. విమానం దగ్గర కువైట్ నర్సులకి అప్పజెప్పాం. వెనక్కి వస్తుంటే ఆ దొడ్డి దగ్గర ఒక కాపరి బతికున్న గొర్రెల్ని ఒక్కొక్కదాన్నీ కోస్తూ కనబడ్డాడు. నెప్పితో చావకుండా.

తరవాత నేను రియాద్‌కి మారాను. అక్క కాంట్రాక్టు ముగించుకుని ఇంటికి వెళ్లిపోయింది. రియాద్ మీదకి కూడా అప్పుడప్పుడూ క్షిపణులు వచ్చేవి. ఆకాశంలో పేలినప్పుడు నా తోటి నర్సులు కిటికీ దగ్గరికి పరిగెత్తి వీడియోలు తీసేవాళ్లు. నేను మంచం కింద ఉండేదాన్ని. అందులో నాకు సిగ్గు లేదు.

కొన్నేళ్లకి ఒక చలికాలం, కూటమి నాయకులంతా ఎడారిలో ఒకచోట సమావేశమయ్యారు. విమానం మెట్ల కింద ఒకరినొకరు కౌగిలించుకోవడం ఆసుపత్రి టీవీల్లో రోజంతా వేశారు. దారులు తెరిచారు. ఇప్పుడైతే ప్రపంచంలో ఎక్కడ యుద్ధం జరుగుతున్నా, కొట్టుకునేవాళ్లు మాట్లాడుకోవడానికి రియాద్‌కో, ఖతర్ రాజధాని దోహాకో వస్తున్నారు. పెద్ద దేశాల అధ్యక్షులు వీళ్లని మధ్యవర్తులుగా కూర్చోబెడుతున్నారు. పెద్ద సమావేశాలు జరిగే రోజుల్లో మాకు సెలవులు ఇవ్వరు, రక్తం సీసాలు ఎక్కువ తెప్పించి పెడతారు. అది మంచి పనే. కొట్టుకునేవాళ్లని ఎవరో ఒకరు ఒక గదిలో కూర్చోబెట్టాలి కదా. నేను ఆ వార్తలు చూస్తాను, ఎక్కడో ఒక యుద్ధం ఆగిందంటే సంతోషిస్తాను.

సౌదీ కుర్రాడు ఇప్పుడు నేను పనిచేసే చోటికే వస్తాడు. కృత్రిమ కాలు పెట్టించుకున్నవాళ్లకి పుండ్లు పడితే చూసే విభాగం మాది. జుట్టు పల్చబడింది, ఇద్దరు పిల్లలు. మొదటిసారి వచ్చినప్పుడు నా మణికట్టు వంకర చూసి గుర్తుపట్టాడు. దారులు తెరిచిన వారంలోనే ఖతర్ నంబరుకి ఫోన్ చేశానని చెప్పాడు. అంతకుముందు ఆ నంబరుకి చేయడానికే భయపడ్డాడట. అవతలివాడు ఎత్తాడు. నీ మీద నాకు కోపం లేదు, నువ్వు ఏం చేశావో నాకు తెలుసు అన్నాడట. కానీ మీ కొండల యాస వినబడితే నా గొంతు మీద చెయ్యి పడుతుంది, ఫోన్ చెయ్యకు అన్నాడట.

ఇతను మళ్లీ చెయ్యలేదు. మామా ఊరుకోలేదు. నాతో అలా అనలేదు కదా, నేను వెళ్తాను అంది. కిందటేడు పండగ తరవాత కొడుకు చేత కారు నడిపించుకుని, రియాద్ దాటి, సరిహద్దు దాటి దోహా వెళ్లింది. అతని ఇంటి ముందు కారు ఆపించి, కొడుకుని కారులోనే ఉండమని ఒక్కతే లోపలికి వెళ్లింది. చాలాసేపు రాలేదు. ఎండ మండుతోంది. కాలు తొడుగులో చెమట పట్టి, చర్మం ఒరుసుకుపోయి, ఇతను కాలు విప్పి పక్క సీట్లో పెట్టుకుని కూర్చున్నాడు.

మామాని సాగనంపడానికి ఖతర్ కుర్రాడు గేటు దాకా వచ్చాడు. కారు చూశాడు. లోపలున్నది ఎవరో చూశాడు. దగ్గరికి రాలేదు. గేటు పట్టుకుని నిలబడే, కొంచెం గట్టిగా అడిగాడు.

"కాలు ఎలా ఉంది?"

"చెమటకి ఒరుసుకుంటోంది," అన్నాడు ఇతను.

"ఇక్కడ ఎండ ఎక్కువ."

అంతే మాట్లాడుకున్నారు. మామా కారెక్కింది. తిరుగు దారిలో, వాడికి కూతురు పుట్టింది, నా ఒళ్లో పడుకోబెట్టాడు అని ఒక్కటే చెప్పి నిద్రపోయిందట.

ఇదంతా అతను చెబుతుండగా నేను అతని మొండికాలి మీది పుండు కడుగుతున్నాను. లోతుగానే ఉంది. పుండు మానేదాకా కాలు తొడుక్కోవద్దు, కర్రల మీద నడవమని చెప్పాను. అమ్మ మళ్లీ వెళ్దామంటోంది సిస్టర్, ఈసారి దారిలో ఎక్కువ చోట్ల ఆగుతాను అన్నాడు. ముందు ఇది మాననీ అని, కట్టు వేసి, తరవాతివాళ్లని పిలిచాను.